123 ఒప్పందం, కొవ్వాడ, అణు నష్టపరిహార చట్టం: అమెరికా కోసం మన చట్టం మార్చాలా?

తీరపుగాలి | 15 ఫిబ్రవరి 2025, ఉదయం 8:10

మొన్న 13న వాషింగ్టన్‌లో మోదీ, ట్రంప్ కలిశాక ఇచ్చిన ఉమ్మడి ప్రకటన మొత్తం చదివాను. టీవీల్లో సుంకాల గొడవే నడిచింది గానీ అందులో అణు విద్యుత్తు మీద ఒక పేరా ఉంది. అమెరికాతో 2008లో చేసుకున్న పౌర అణు సహకార ఒప్పందాన్ని, అంటే 123 ఒప్పందాన్ని, పూర్తిగా అమల్లోకి తెస్తారట. అమెరికా డిజైన్ రియాక్టర్లు ఇక్కడ కడతారట. అణుశక్తి చట్టాన్నీ, అణు నష్టపరిహార చట్టాన్నీ సవరిస్తామని మన బడ్జెట్‌లో చెప్పడాన్ని రెండు దేశాలూ స్వాగతించాయట.

ఆ మాట నిర్మలా సీతారామన్ ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు, చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్లు, వాటితో పాటు ఈ రెండు చట్టాల సవరణ. బిల్లు ఇంకా సభ ముందుకే రాలేదు. రెండు వారాలు తిరక్కుండా అది పరాయి దేశంతో కలిసి చేసిన ప్రకటనలోకి ఎక్కింది.

నాకు అణు విద్యుత్తు మీద కోపం లేదు. ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులో చెప్పే చట్టాన్ని మార్చే ముందు ఆ ప్రమాదం అంచున బతకాల్సిన వాళ్లతో మాట్లాడాలా వద్దా? మన రాష్ట్రంలో ఇది నేరుగా, అమెరికా రియాక్టర్లు పెడతామంటున్న శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు తగిలే విషయం. మీరేమంటారు?

---

భారజలం | 15 ఫిబ్రవరి, 9:25

మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ 123 ఒప్పందం అనగానే అమెరికాకు లొంగిపోవడం అనే మాటతో చర్చ మొదలవుతుంది కాబట్టి, లోపలి మనిషిగా రెండు మాటలు చెప్పాలి.

నేను రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. 2007, 2008 రోజులు బాగా గుర్తు. యంత్రాల్లో లోపం లేదు, కరెంటుకు గిరాకీ ఉంది, అయినా రియాక్టర్లను సగం శక్తి దగ్గర నడపాల్సి వచ్చేది. భారజల రియాక్టర్లో ఇంధనాన్ని నడుస్తుండగానే మారుస్తారు. ఒక వైపు మెషిన్ కొత్త ఇంధన కట్టని, అంటే బండిల్‌ని, లోపలికి తోస్తుంది, అవతలి వైపు మెషిన్ వాడేసిన బండిల్‌ని అందుకుంటుంది. కొత్త బండిళ్లు సరిపడా రాకపోతే ఉన్నవాటినే ఎక్కువ కాలం సాగదీయాలి, అంటే శక్తి తగ్గించాలి. ఆ బండిళ్లు తయారయ్యేది హైదరాబాద్‌లోని అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీలో. అక్కడ నిపుణులున్నారు, యంత్రాలున్నాయి, యురేనియమే లేదు. మన గనుల్లో దొరికేది తక్కువ, ఖనిజంలో దాని శాతం మరీ తక్కువ. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత బయటి దేశాలు తలుపులు మూసేశాయి.

2008 సెప్టెంబరు 6న వియన్నాలో ఎన్‌ఎస్‌జీ, అంటే అణు సరఫరా దేశాల బృందం, ఈ ఒప్పందం కోసం మనకు మినహాయింపు ఇచ్చాకే ఆ తలుపులు తెరుచుకున్నాయి. కజకిస్థాన్, రష్యా, ఆ తర్వాత కెనడా నుంచి యురేనియం వచ్చింది. ఒక్క కెనడాతోనే 2015లో 5 ఏళ్లకు 3,000 టన్నుల పైచిలుకు ఒప్పందం కుదిరింది. సగం శక్తితో ఈడ్చిన యూనిట్లే పూర్తి శక్తితో నడిచాయి. అది చూసినవాణ్ణి కాబట్టి 123 ఒప్పందం వల్ల ఏమీ రాలేదంటే ఒప్పుకోలేను.

---

పాతపేపరు | 15 ఫిబ్రవరి, 10:40

భారజలం గారూ, మీరు చెప్పింది నిజం. కానీ 2008లో జనానికి చెప్పింది ఇది కాదు. అప్పటి పేపర్ల కటింగులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. అప్పుడు వినిపించిన మాట ఇంధనం గురించి కాదు, ఇంటింటికీ కరెంటు గురించి. 2020 నాటికి 20,000 మెగావాట్లు అన్నారు. ఇవాళ ఉన్నది 8,180. దేశం వాడే కరెంటులో అణువాటా 3 శాతం దగ్గరే ఉంది. ఒప్పందం మీద సంతకాలు పెట్టి 16 ఏళ్లు దాటింది, అమెరికా రియాక్టర్ ఒక్కదానికీ పునాది పడలేదు.

కొత్తవాళ్ల కోసం వరుస చెబుతాను. 2005 జులై 18న మన్మోహన్ సింగ్, బుష్ ఉమ్మడి ప్రకటన. 2006 మార్చిలో మన 22 రియాక్టర్లలో 14ని పౌర విభాగం కింద ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) తనిఖీలకు పెడతామని ఒప్పుకున్నాం. 2006 డిసెంబరులో అమెరికా హైడ్ చట్టం చేసింది. మనం మళ్లీ అణు పరీక్ష చేస్తే సహకారం ఆగిపోతుందన్న మెలిక అందులోనే ఉంది. 2008 జులైలో వామపక్షాలు మద్దతు తీసేశాయి. జులై 22న విశ్వాస పరీక్ష: అనుకూలం 275, వ్యతిరేకం 256. సభలో నోట్ల కట్టలు చూపించింది ఆ రోజే. సోమనాథ్ చటర్జీని సీపీఎం బహిష్కరించింది ఆ మర్నాడు. 2008 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో ప్రణబ్ ముఖర్జీ, కండోలీజా రైస్ సంతకాలు పెట్టారు.

ఆ రోజు వ్యతిరేకంగా ఓటేసిన బీజేపీయే ఇవాళ దాన్ని పూర్తిగా అమలు చేస్తామంటోంది. ఆ రోజు ప్రభుత్వాన్నే పణంగా పెట్టిన కాంగ్రెస్ రేపు సవరణ బిల్లు వస్తే ఏ వైపు నిలబడుతుందో చూడాలి. మన తెలుగుదేశం అప్పుడు వామపక్షాలతో కలిసి వ్యతిరేకించింది, ఇప్పుడు కేంద్రంలో భాగస్వామి. అధికారంలో ఉంటే ఒక మాట, లేకపోతే ఒక మాట. ఇలాంటి విషయంలో అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

---

నల్లరేగడి | 15 ఫిబ్రవరి, 10:52

పార్టీలు మారడం కొత్తేం కాదు కదా. దేశానికి కరెంటు కావాలి, బొగ్గు తగ్గించాలి. దీనికి అణు విద్యుత్తు తప్ప 24 గంటలూ నడిచేది ఏముంది?

---

బెజవాడ_బార్ | 15 ఫిబ్రవరి, 12:15

వృత్తిరీత్యా లాయర్ని. తీరపుగాలి గారు ఎత్తిన అసలు ప్రశ్న చట్టం గురించి కాబట్టి దాని దగ్గరికొస్తాను.

అణు నష్టపరిహార చట్టం 2010 ఆగస్టులో పార్లమెంటు దాటింది. ప్రమాదం జరిగితే ముందు పరిహారం కట్టాల్సింది ప్లాంటు నడిపే సంస్థ, అంటే మన ఎన్‌పీసీఐఎల్. దాని బాధ్యతకు పరిమితి 1,500 కోట్లు. ఆ పైన అంతర్జాతీయ లెక్కలో 30 కోట్ల ఎస్‌డీఆర్‌ల (ఐఎంఎఫ్ వాడే విలువ కొలమానం) వరకు కేంద్రం భరించాలి. ఇప్పటి రూపాయల్లో అది 3,000 కోట్ల పైమాటే.

వివాదమంతా ఆ చట్టంలోని 17(బి) సెక్షన్ దగ్గరుంది. ప్రమాదానికి కారణం లోపం ఉన్న పరికరమో, నాసిరకం సేవో అయితే, నడిపే సంస్థ తాను కట్టిన పరిహారాన్ని సరఫరాదారు నుంచి రాబట్టుకోవచ్చు. ఇలాంటి హక్కు చాలా దేశాల్లో లేదు, అందుకే విదేశీ కంపెనీలు వెనకడుగు వేశాయి. దానికి తోడు 46వ సెక్షన్ ఇతర చట్టాల కింద కేసులకు దారి తెరిచి ఉంచింది.

ఈ సెక్షన్ ఎవరో మొండితనంతో పెట్టింది కాదు. 2010 జూన్ 7న భోపాల్ కేసులో తీర్పు వచ్చింది. వేల ప్రాణాలు పోయిన చోట, దోషులకు పడింది రెండేళ్ల శిక్ష. యూనియన్ కార్బైడ్ 1989లో కట్టింది 47 కోట్ల డాలర్లు, అంతే. ఆ తీర్పు మీద దేశమంతా రగిలిపోతున్నప్పుడే ఈ బిల్లు సభలో ఉంది. పరిహారం పెంచమని భోపాల్ కోసం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. ఒకసారి తక్కువకు ఒప్పుకుంటే తర్వాత కోర్టులు కూడా ఆదుకోలేవని మనం చూశాం. అందుకే 17(బి)ని ముట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

---

భారజలం | 15 ఫిబ్రవరి, 14:05

బెజవాడ_బార్ గారూ, భోపాల్ గురించి మీ ఆవేదనే నాదీ. కానీ రెండు విషయాలు కలిపి చూడండి.

ఒకటి, 17(బి) వల్ల భయపడింది అమెరికా కంపెనీలే కాదు. పంపులు, వాల్వులు చేసే మన దేశీ కంపెనీలు కూడా 2010 తర్వాత ఆర్డర్లు తీసుకోవడానికి జంకాయి. 2011లో వచ్చిన నిబంధనల్లో 24వ రూలు పెట్టి, సరఫరాదారు మీద వేయగలిగే మొత్తానికి హద్దు గీశారు. 2015లో 1,500 కోట్ల బీమా నిధి పెట్టారు. ఇన్ని చేశాక గానీ పని కదల్లేదు.

రెండు, బాధ్యత అంతా నడిపే సంస్థ మీదే ఉంచడానికి ఒక కారణం ఉంది. బాధితుడు పదిమంది సరఫరాదారుల వెంట కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. ఒక్క చోట అడుగుతాడు, వాళ్లు కట్టాలి, తప్పు ఎవరిదని నిరూపించాల్సిన పని కూడా లేదు.

---

బెజవాడ_బార్ | 15 ఫిబ్రవరి, 14:40

బాధితుడు ఒక్క చోట అడగడం 17(బి) ఉన్నా జరుగుతుందండీ. ఆ సెక్షన్ బాధితుడి దారిని మార్చదు, ఆయనకు కట్టాక ఎన్‌పీసీఐఎల్ ఎవరిని అడగాలన్నదే చెబుతుంది. ఎన్‌పీసీఐఎల్ ప్రభుత్వ సంస్థ. అది కట్టేదీ, ఆపైన కేంద్రం కట్టేదీ చివరికి మన పన్నుల డబ్బే. అంటే 17(బి) తీసేస్తే లోపమున్న పరికరం పంపినవాడు పక్కకు తప్పుకుంటాడు, పన్ను కట్టేవాడు మిగులుతాడు.

ఫుకుషిమా చూడండి. అక్కడి తొలి రియాక్టర్ల డిజైన్ అమెరికా కంపెనీది. జపాన్ చట్టం ప్రకారం బాధ్యతంతా ప్లాంటు నడిపే టెప్కో మీదే పడింది, సరఫరాదారుకు ఏమీ అంటలేదు. ఆ ప్రమాదం మొత్తం ఖర్చు 21.5 లక్షల కోట్ల యెన్‌లని 2016లో జపాన్ ప్రభుత్వమే అంచనా వేసింది. దాని పక్కన మన 1,500 కోట్లు పెట్టి చూడండి.

---

సిక్కోలు_అల | 15 ఫిబ్రవరి, 20:30

పొద్దున్నుంచీ చదువుతున్నాను. మాది రణస్థలం మండలం. కొవ్వాడలో మా చుట్టాలున్నారు.

మీరందరూ సెక్షన్లు మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. కానీ మాకు ప్రమాదం రాకముందే నష్టం మొదలైంది. కొవ్వాడ పేరు 2009 నుంచీ నలుగుతోంది. మొదట ఒక అమెరికా కంపెనీ రియాక్టర్లన్నారు, తర్వాత గుజరాత్‌లో మిఠీవిర్ది జనం ఒప్పుకోలేదని అక్కడికి అనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు మాకు తెచ్చారు. ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. 2017 మార్చిలో ఆ వెస్టింగ్‌హౌస్ కంపెనీ అమెరికాలోనే దివాలా పిటిషన్ వేసింది. మా ఊళ్ల మీద నోటిఫికేషన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

మా చిన్నాన్న ఇంటికెళ్తే మేడ మీద స్తంభాల కోసం వదిలిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తాయి. పైన ఇంకో గది వేద్దామని ఎప్పుడో మొదలుపెట్టాడు. ఊరు లేచిపోతుందంటుంటే ఎవడు వేస్తాడు? తాకట్టు పెడదామంటే ఒక బ్యాంకు ప్రాజెక్టు భూమి అని తిప్పి పంపింది. కొనేవాడు రాడు. పరిహారం అందుకున్నవాళ్లు కొందరున్నారు, సరిపోలేదని పోరాడుతున్నవాళ్లున్నారు. భూమి లేని గంగపుత్రుల సంగతి వేరు. వాళ్లకు పట్టా ఉన్నది సముద్రం మీద కాదు కదా, ఎకరాల లెక్కలో వాళ్లెక్కడా రారు. వేటకెళ్లేవాడికి కాలనీలో ఇల్లిచ్చినా తీరానికి దూరంగా ఇస్తే పడవ ఎక్కడ కట్టుకోవాలి? వల ఎక్కడ ఆరేసుకోవాలి? మా కుర్రాళ్లు ఇప్పటికే గుజరాత్ వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలీకి చేస్తున్నారు.

వాషింగ్టన్‌లో మా గురించి సంతకాలు అవుతున్నప్పుడు మాకు ముందుగా ఒక్క కాగితం తెలుగులో వస్తే బాగుండేది.

---

తీరపుగాలి | 15 ఫిబ్రవరి, 20:48

అన్నా, నేను ఈ చర్చ పెట్టింది మీలాంటి వాళ్లు మాట్లాడతారనే. ప్లాంటు చుట్టూ 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక ఉండాలని అణుశక్తి నియంత్రణ మండలి రూలు. మీ మండలంలో ఎంతమందికి ఆ సంగతి చెప్పారు?

---

సిక్కోలు_అల | 15 ఫిబ్రవరి, 21:02

నాకే ఇప్పుడు మీరు చెబితే తెలిసింది.

---

ఎండపొద్దు | 16 ఫిబ్రవరి, 7:30

ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. కొవ్వాడకు అనుకుంటున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లే అమెరికా జార్జియా రాష్ట్రంలో వోగ్టల్ దగ్గర రెండు కట్టారు. 1,400 కోట్ల డాలర్లతో అవుతుందన్నది 3,000 కోట్ల డాలర్లు దాటింది. అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యంగా, 2023లో ఒకటి, 2024లో ఒకటి నడిచాయి. సౌత్ కరోలినాలో ఇవే రియాక్టర్లు రెండింటిని 900 కోట్ల డాలర్లు తగలేశాక 2017లో మధ్యలో వదిలేశారు. అక్కడ ఆ భారమంతా వినియోగదారుల బిల్లుల మీద పడింది. ఇక్కడ మాత్రం పడదని ఎవరు చెప్పగలరు? సౌర విద్యుత్తు వేలంలో యూనిట్ రెండున్నర రూపాయల దగ్గర దొరుకుతున్న కాలంలో నలభై ఏళ్లకు ఇలాంటి ధరకు కట్టుబడటం అన్యాయం.

---

నల్లరేగడి | 16 ఫిబ్రవరి, 8:05

ఆ రెండున్నర రూపాయలు పగటి ధర. రాత్రి ఎనిమిదింటికి మోటారు వేసుకునే రైతుకు బ్యాటరీ ఖర్చు కూడా కలపాలి. పైగా ఇవే ఏపీ1000లు చైనా సన్‌మెన్, హైయాంగ్‌లలో నాలుగు కట్టింది. 2018, 2019 నుంచీ నడుస్తున్నాయి. డిజైన్‌నే తప్పుపట్టడం సరికాదు.

---

భారజలం | 16 ఫిబ్రవరి, 9:10

చైనా నడిపిందన్నది నిజమే. అయినా కొవ్వాడ విషయంలో నేను ఎండపొద్దు గారి వైపే. విదేశీ ఇంధనం కొనడం ఒకటి, విదేశీ రియాక్టర్ కొనడం ఒకటి. మొదటిదానికి 123 ఒప్పందం అవసరమైంది, దాని ఫలం మనం తింటున్నాం. రెండోదానికి అవసరం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాక్రాపార్‌లో మన సొంత డిజైన్ 700 మెగావాట్ల యూనిట్లు రెండు నడుస్తున్నాయి. పరికరం మనది, మనుషులు మనవాళ్లు, లోపం వస్తే ఏ దేశం వైపూ చూడక్కర్లేదు. ఆ డిజైన్‌నే పది చోట్ల కట్టుకుంటే 17(బి) మీద ఇంత పోరు ఉండేది కాదు.

---

వేముల_రైతు | 16 ఫిబ్రవరి, 11:20

మాది కడప జిల్లా, తుమ్మలపల్లె గనికి దగ్గర. నా సందేహం ఒకటే. కజకిస్థాన్ నుంచి, కెనడా నుంచి యురేనియం వస్తోందంటున్నారు కదా. అయితే మా దగ్గర ఎందుకు తవ్వుతున్నారు? గని వ్యర్థాలు నింపే చెరువు (టెయిలింగ్ పాండ్) వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లం ఏళ్లుగా మొత్తుకుంటున్నాం. అరటి తోట ఎండిపోయినవాడికి సమాధానం చెప్పేవాడు లేడు.

---

పాతపేపరు | 16 ఫిబ్రవరి, 12:00

వేముల_రైతు గారూ, దానికి జవాబు కూడా ఈ ఒప్పందంలోనే ఉంది. బయట కొన్న యురేనియాన్ని ఐఏఈఏ తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. తనిఖీ బయట ఉంచుకున్న రియాక్టర్లకూ, రక్షణ అవసరాలకూ మన గనుల యురేనియమే కావాలి. అందుకే దిగుమతి ఎంత వచ్చినా తుమ్మలపల్లె ఆగదు. నల్లమలలో అన్వేషణ వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేయాల్సి వచ్చింది కూడా ఈ ఒత్తిడి వల్లే. ఒప్పందం మీద మాట్లాడేటప్పుడు ఢిల్లీ, వాషింగ్టన్ గురించే చెబుతారు. దాని ఒక కొస వేముల బోరు బావి దగ్గరుంది, ఇంకో కొస కొవ్వాడ తీరంలో ఉంది.

ఇక మాట తప్పడం గురించి. తారాపూర్ మర్చిపోవద్దు. 1963లో అమెరికాతో ఒప్పందం చేసుకుని అక్కడి రియాక్టర్లు కట్టించుకున్నాం, ఇంధనం కూడా వాళ్లే ఇస్తామన్నారు. 1978లో వాళ్ల దేశంలో కొత్త చట్టం చేసుకుని, ఆ తర్వాత సరఫరా ఆపేశారు. ఫ్రాన్స్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల చట్టం మారితే మన ఒప్పందం ఆగింది. ఇప్పుడేమో వాళ్ల కంపెనీల కోసం మన చట్టం మారాలంటున్నారు. నాకు మింగుడుపడనిది ఇదే.

---

నల్లరేగడి | 16 ఫిబ్రవరి, 12:25

ఆ తారాపూర్ అనుభవం వల్లే 123 ఒప్పందంలో ఇంధన నిల్వకు సహకరిస్తామనీ, సరఫరా ఆగితే మిత్ర దేశాలతో కలిసి వేరే దారి చూస్తామనీ రాయించుకున్నాం. మనవాళ్లు కళ్లు మూసుకుని సంతకం పెట్టలేదు. కలాం గారు కూడా ఆ రోజు ఒప్పందాన్ని సమర్థించారు.

---

పాతపేపరు | 16 ఫిబ్రవరి, 12:41

కలాం గారు సమర్థించారు, అణుశక్తి సంఘం మాజీ ఛైర్మన్ పి.కె. అయ్యంగార్ వ్యతిరేకించారు. ఇద్దరూ దేశం కోసమే మాట్లాడారు. పెద్దల పేర్లతో ఇది తేలదు తమ్ముడూ.

---

మోడరేటర్ | 16 ఫిబ్రవరి, 13:00

పార్టీ నాయకుల మీద తిట్లున్న రెండు పోస్టులు తీసేశాం. విషయం మీదే ఉండండి.

---

బెజవాడ_బార్ | 16 ఫిబ్రవరి, 18:45

బిల్లు వచ్చాక గోల పెట్టడం కంటే ముందే మన ఎంపీలకు రాస్తే మేలు. నేను ఒక ఉత్తరం తయారుచేస్తున్నాను. అందులో అడగదలచినవి: 17(బి) తీసేయొద్దు. తీసేసి తీరతామంటే, సరఫరాదారు తప్పుకున్న మేరకు పరిహారం పరిమితి 1,500 కోట్ల నుంచి పెంచాలి. ఈ పరిమితి 2010లో పెట్టింది, అప్పటి రూపాయి విలువ ఇప్పుడు లేదు. బిల్లును నేరుగా ఓటింగుకు పెట్టకుండా స్థాయీ సంఘానికి పంపాలి, ఆ సంఘం కొవ్వాడకూ, అణు ప్లాంటు పెడతామంటున్న మహారాష్ట్రలోని జైతాపూర్‌కూ వచ్చి విచారణ జరపాలి. భారజలం గారూ, సాంకేతిక భాగం ఒకసారి చూసిపెడతారా?

---

భారజలం | 16 ఫిబ్రవరి, 19:20

తప్పకుండా. 17(బి) విషయంలో మీతో నాకు పూర్తి ఏకాభిప్రాయం లేదు. దేశీ సరఫరాదారులకు మినహాయింపు ఉండాలన్నది నా మాట, అది విడిగా రాసి పంపుతాను. పరిహారం పరిమితి పెంచాలన్న దానికీ, విచారణ ఊళ్లలో జరగాలన్న దానికీ నా సంతకం ఉంటుంది.

---

సిక్కోలు_అల | 16 ఫిబ్రవరి, 21:15

బార్ గారూ, ఇంకో రెండు చేర్చండి. బిల్లూ, 16 కిలోమీటర్ల అత్యవసర ప్రణాళికా తెలుగులో అచ్చేసి విచారణకు ముందే పంచాయతీల్లో పెట్టాలి. రెండోది, పరిహారం లెక్కలో వేటను కూడా జీవనాధారంగా రాయాలి, భూమి పట్టా లేదని కొట్టేయకూడదు. ఉత్తరం సిద్ధమైతే నాకు పంపండి, కొవ్వాడలో చదివి వినిపించి సంతకాలు నేను తెస్తాను.